ఏడో పంటు సమ్మతి

1

గాలి తూర్పు నుంచి వీస్తోంది. మర నుంచి దిగే నీళ్ళలో ఉప్పు రుచి లేదు.

ఇవాళ అధ్యక్షుడు సోమసుందరం నా చెల్లెలి ఫొటోకి దండ వేశాడు.

ఈ చిట్టాలో గాలి దిక్కూ, నీటి రుచీ, మర తిరిగిన తీరూ మాత్రమే రాయాలి. కడలి నూకరత్నం అనే నేను గొలుసుపేటలో ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మర చూడడం మొదలుపెట్టినప్పటి నుంచీ అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. ఇకనుంచి రాస్తాను. లేకపోతే ఈ కోపం నన్ను తినేస్తుంది.

దండ పూలది కాదు. నీళ్ళమీద తేలే ఊళ్ళో పూలెక్కడివి? ఎండిన నాచుతో అల్లించారు. సభామంటపంలో ఏడో పంటు మనుషుల ఫొటోలన్నీ వరసగా పెట్టారు. నా చెల్లెలు మాణిక్యం ఫొటో ఆ చివర, దాని పక్కన మరిది పోలరాజు. ఫొటోలో కూడా అది మొగుడి మీద ఏదో విసుక్కుంటున్నట్టే ఉంది.

"మహానుభావులండీ ఆళ్ళు," అన్నాడు సోమసుందరం. గొంతు బాగుంటుంది అతనిది, గుమ్మటంలో మోగినట్టు. "తుపాను మీద పడ్డనాడు, ఊరు బతకాలని, మా గొలుసు తీసెయ్యండని ఆళ్ళంతట ఆళ్ళే ఒప్పుకున్నారు. సభ రికార్డులో ఉంది. ఏకగ్రీవం! ఇంత త్యాగం ఎవరు చేత్తారండీ?"

అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను.

మాణిక్యం ఒప్పుకోవడమా? చేపముక్కల పంపకంలో తోక ముక్క వస్తే పొయ్యి దగ్గర నుంచి వీధంతా వినపడేలా పోట్లాడేది అది. చావడానికి నోరు మూసుకుని ఒప్పుకుందంటే ఆ మాట నేను నమ్మాలి!

2

గాలి లేదు. వడపోత గుడ్డకి నాచు పట్టింది, ఉతికి ఆరేశాను.

ఎలా జరిగిందో వరసగా రాసుకుంటాను.

మా ఊరు పంట్ల మీద, అంటే తేలే పెద్ద బల్లకట్ల మీద ఉంది. ఒక్కో పంటు మీద కొన్ని ఇళ్ళు. పంటుకీ పంటుకీ మధ్య గొలుసు, నడవడానికి బల్ల. ఊరు వెలిసినప్పుడే పెద్దలొక నియమం పెట్టారు: ఏ పంటు గొలుసైనా తీయాలంటే ఆ పంటు మనుషులు ఒప్పుకుని తీరాలి. ఒక్కరు కాదన్నా గొలుసు ముట్టుకోకూడదు.

సభలు మాత్రం మహా కష్టంగా జరిగేవి. పోటు వేళ బల్లలు ఊగుతాయి, ముసలివాళ్ళు రాలేరు. నీళ్ళు తీసే పాటు వేళ మగాళ్ళు వలల మీదికి పోతారు. మనుషులు చాలక సభ వాయిదా పడేది, మళ్ళీ వాయిదా పడేది. నీళ్ళ తొట్టి కడిగించాలా వద్దా అనే మాట తేలేలోపు పిల్లలందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు సోమసుందరం ఇంటింటికీ మాటపెట్టె పెట్టించాడు. మంటపంలో చదువరి తీర్మానం చదువుతాడు, పెట్టెలో వినపడుతుంది. కాదనేవాళ్ళు గంట మోగేలోగా పెట్టె దగ్గరికి వచ్చి కాదనాలి. పలకనివాళ్ళు ఒప్పుకున్నట్టే లెక్క. మౌనమే సమ్మతి.

సభ కూర ఉడికేలోగా అయిపోయేది. ఊరంతా మెచ్చుకుంది.

విడివిడిగా చూస్తే రెండు నియమాలూ మంచివే. తుపాను నాడు రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏడో పంటు లంగరు తెగింది. ఆ పంటు వచ్చి ఆరో పంటును గుద్దడం మొదలుపెట్టింది. ఏడో పంటు గొలుసు తీసెయ్యాలని తీర్మానం చదివించారు. గంట మోగింది. ఏడో పంటు పెట్టెలోంచి మాట రాలేదు. గొలుసు తీసేశారు.

నేను మర గదిలో ఉన్నాను. మర చప్పుడులో వినపడదని ఆ గదికి పెట్టె పెట్టలేదు. బయటికి వచ్చేసరికి ఏడో పంటు ఉండవలసిన చోట నల్లటి నీళ్ళు లేస్తున్నాయి. తుపాను తగ్గాక ఎవరూ ప్రాణాలతో దొరకలేదు.

ఆరో పంటు దుర్గాయమ్మత్త ఆ తరవాత నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఆళ్ళు కేకలేత్తానే ఉన్నారే రత్నం. తాడెయ్యండి, తాడెయ్యండని. మీ మాణిక్యం గొంతు నాకు తెలీదా? మా పెట్టె దగ్గరికెల్లి నేను చెప్పేలోగానే గంట కొట్టేశారు."

గాలిలో వేసిన కేక సభలో మాట కాదట.

3

మర ఆగిపోయింది. తీగ ఎలకలు కొరికాయి. లైన్లు చూసే అబ్బులు వచ్చి అతికాడు.

అతికినంతసేపూ నా మొహం చూడలేదు. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని చెయ్యి కంచంలోనే పెట్టి కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"అక్కా, ఒక మాట చెప్తాను. నేను చెప్పినట్టు ఎవరికీ తెలీకూడదు." గొంతు తగ్గించాడు. "ఆ యేళ ఏడో పంటు లైను తెగిపోయిందక్కా. పెట్టె పలకదు. నేను పరిగెత్తుకెల్లి పెసిడెంటుగారికి చెప్పాను. తీర్మానం సదవకముందే చెప్పాను."

"ఏమన్నాడు?"

"తెలుసులేరా, నువ్వెళ్ళు అన్నారు."

పక్కనే పళ్ళెం ఉంది. దాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టకుండా కడిగి బోర్లించాను.

"ఈ మాట సభలో చెప్తావా?"

"నా లైన్ల పని ఆయన ఇచ్చిందేనక్కా. నా పెళ్ళానికి నెలలు నిండాయి. ఇప్పుడు పంటు మీంచి పొమ్మంటే ఎక్కడికెల్తాను?"

అతన్ని బలవంతపెట్టలేదు. నిశ్చయానికి వచ్చేశాను కాబట్టి ఆ అవసరం కనబడలేదు. సోమసుందరాన్ని నేను తిట్టను, కొట్టను. ఏ నియమంతో మా మాణిక్యాన్ని నీళ్ళలోకి తోశాడో అదే నియమంతో అతని గొలుసు తీస్తాను. అతనూ ఒప్పుకున్నట్టే రికార్డులో రాయిస్తాను.

4

గాలి దక్షిణం. నీరు బాగుంది.

తుపాను తరవాత పాత చదువరి పని మానేశాడు. గంట ముట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయన్నాడు. ఆ పని నాకిమ్మని అడగడానికి సోమసుందరం ఇంటికి వెళ్ళాను.

అతను ఒంటరి. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. అధ్యక్షుడికని కట్టిన చిన్న పంటు మీద ఒక్కడే ఉంటాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి వేశాడు.

"మర పని, ఇదీ రెండూ చెయ్యగలవా అమ్మా?"

"చేత్తానండి. ఇంట్లో కూచుంటే చెల్లెలే గుర్తొత్తంది."

కాసేపు కిటికీలోంచి నీళ్ళకేసి చూశాడు. "నా మీద కోపం లేదు కదమ్మా?"

"కోపం దేనికండీ? ఆళ్ళే ఒప్పుకున్నారు కదా."

అతని భుజాలు దిగాయి. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు ఎవరో దించినట్టు ఊపిరి వదిలాడు. టీ తానే పెట్టి ఇచ్చాడు. తాగాను. చక్కెర సరిపోయింది.

5

నీరు కొంచెం చప్పగా ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

చదువరి పని తేలికే. వచ్చిన తీర్మానాలు దగ్గర పెట్టుకోవాలి, సభనాడు మంటపంలో కూర్చుని చదవాలి, గంట కొట్టాలి. ఏది ఈ సభలో చదవాలి, ఏది వచ్చే సభకు ఆపాలి అన్నది చదువరి ఇష్టం. ఆ ఇష్టం ఎంత పెద్దదో ఊళ్ళో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

దుర్గాయమ్మత్త ఆరో పంటు ఆడవాళ్ళందరినీ పోగేసి నియమం మార్చాలని తీర్మానం తెచ్చింది. తానే చెప్పింది, నేను రాశాను: "మౌనం సమ్మతి కాదు. ప్రతి మనిషీ అవుననో కాదనో నోటితో చెప్పాలి. నోరు లేనివారికి ఇంకొకరు నోరు కావాలి. మాట అందనివారి దగ్గరికి మనిషి వెళ్ళి అడిగి రావాలి."

మంచి నియమం. తుపానుకు ముందు ఉంటే మాణిక్యం ఇవాళ నాతో పోట్లాడుతూ ఉండేది.

ఆ కాగితం మడిచి అడుగున పెట్టాను. ఇది వచ్చేస్తే పాతది పోతుంది. పాతదానితో నాకింకా ఒక పని ఉంది.

6

గాలి మళ్ళీ తూర్పుకు తిరిగింది.

సోమసుందరం గొంతు కొన్నాళ్ళుగా బొంగురు పోతోంది. ముందు జలుబన్నారు. తరవాత ఆసుపత్రి ఓడ వస్తే ఎక్కించి పంపారు. లోపల గడ్డ ఉందట. కోసేశారు. తిరిగి వచ్చేసరికి మెడకి గుడ్డ, గుడ్డ వెనక చిన్న కన్నం. అందులోంచి గాలి వస్తుంది, మాట రాదు. ఇక ఎప్పటికీ రాదట. ఓడలో వాళ్ళు ఒక పలక, బలపం ఇచ్చి పంపారు.

గొలుసుపేటలో అందరూ అయ్యో అన్నారు. మంటపానికి చెయ్యి పట్టుకుని నడిపించారు. నేను గంజి కాచి తీసుకెళ్ళాను. మింగలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తాగాడు. పలక మీద "చల్లగా ఉండమ్మా" అని రాశాడు.

జాలి కలుగుతుందేమోనని కాసేపు అక్కడే కూర్చుని చూశాను. కలగలేదు. మాటపెట్టె అతని గోడకే ఉంది. అది మాటనే లెక్కపెడుతుంది. బలపాన్ని లెక్కపెట్టదు.

7

వడపోత గుడ్డ చిరిగింది, కుట్టాను.

దుర్గాయమ్మత్త బల్లలు దాటుకుంటూ మర గదికి వచ్చింది. ఆయాసంతో గడప మీదే కూలబడింది.

"ఏమే, మా తీర్మానం ఇంకా సదవ్వేంటి? పోయిన సభలోనూ లేదు."

"వచ్చే సభ తరవాత సభలో చదువుతానత్తా."

"మరి వచ్చే సభలో ఏం సదువుతావు?"

నేను గుడ్డ కుడుతూనే ఉన్నాను. ఆవిడ నా చేతుల కేసి చూసింది. తరవాత నా మొహం కేసి. ఆ చూపు మారడం తెలిసింది. అధ్యక్షుడి పంటు మర గది గుమ్మంలోంచి కనబడుతుంది. ఆవిడ అటు తిరిగి చూసింది.

"అమ్మాయ్," అంది, "ఇది వద్దని చెప్పే నోరు నాకు లేదు. ఆ కేకలు విన్నదాన్ని."

లేచి వెళ్ళిపోయింది.

8

పోటు నిండుగా ఉంది. గాలి లేదు.

ఇవాళ సభ. మంటపంలో నేనొక్కదాన్నే. ముందు నాచు పంపకం చదివాను, ఎవరూ పలకలేదు, గంట కొట్టాను. తరవాత రెండోది చదివాను.

"అధ్యక్షుల పంటు గొలుసు తీసివేయాలని కడలి నూకరత్నం తెచ్చిన తీర్మానం. కాదనువారు పలకవలెను."

మంటపం కిటికీలోంచి అతని పంటు కనబడుతుంది. ముందు ఏమీ కదల్లేదు. తరవాత తలుపు తీసుకుని బయటికి వచ్చాడు, మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. నా పెట్టెలో, ఊళ్ళో పెట్టెలన్నిట్లోనూ, అతని ఇంటి చప్పుడు వినపడింది. గిన్నెతో పెట్టెను కొడుతున్నాడు. టంగ్, టంగ్, టంగ్. పెట్టె మాట కోసం చూసింది, దొరకలేదు. మళ్ళీ బయటికి వచ్చి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. పక్క పంట్ల వాళ్ళకి కనబడే ఉంటుంది. పలక ఎత్తి పట్టుకున్నాడు. అంత దూరం నుంచి అక్షరాలు నాకు తెలియలేదు.

ఎవరో ఒకరు పలుకుతారనుకున్నాను. అతని దగ్గర ఉపకారం పొందనివాడు ఈ ఊళ్ళో లేడు. ఒక్కరు అడ్డుపడితే, ఆ ఒక్కరితో వాదించడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఎవరూ పలకలేదు.

గంట కొట్టాను. రికార్డులో రాశాను: ఏకగ్రీవం. అధ్యక్షుల పంటు కూడా సమ్మతించింది.

బయటికి వస్తుంటే నాలుగో పంటు దగ్గర ఒక పిల్ల చేపలు వేయిస్తోంది. "అక్కా, ఇయ్యాల ఏం సదివావు? నూనె చిటపటల్లో వినపళ్ళేదు," అంది.

పగతో నోరు మూసుకున్నారనుకున్నాను. కొందరు అందుకే మూసుకుని ఉంటారు. మిగతావాళ్ళు మామూలుగానే, రోజూ మూసుకున్నట్టే మూసుకున్నారు. ఈ సంగతి తెలిశాక నా సంతోషంలో ఏదో చేదు కలిసింది. దాన్ని ఉమ్మేశాను.

9

పొద్దున్న పాటు మొదలైంది. సముద్రం పలచగా, మెత్తగా ఉంది.

తీర్మానం తెచ్చినవాళ్ళే గొలుసు సీల తీయాలి. అబ్బులు సుత్తి తెచ్చాడు. అతని పంటు మీద బియ్యం మూట, ఎండుచేపలు, నీళ్ళ డబ్బాలు పెట్టించాను. నీళ్ళు నా మరవే. ఏడో పంటుకి ఇవేవీ ఎవరూ పెట్టలేదు.

సోమసుందరం తన పంటు అంచున నిలబడ్డాడు. ఏడవడం లేదు. పలక చంకలో ఉంది.

"ఒకటి అడుగుతాను," అన్నాను. "ఏడో పంటు లైను తెగిపోయిందని మీకు ముందే తెలుసా?"

నన్ను చూశాడు. తల ఊపాడు. తెలుసు.

నేను ఇన్నాళ్ళూ బతికింది ఆ తల ఊపు కోసమే. వచ్చేసింది.

అతను పలక తీసి రాశాడు: "ఊరు మునిగేది."

"మునిగేదేమో. తాడు వేసి మనుషుల్ని లాగడానికి టైము లేదా?"

తుడిచాడు. బలపం పట్టుకుని ఆలోచించాడు. తరవాత రాశాడు: "అడిగితే కాదనేవారు. కాదంటే గొలుసు తీయలేం."

అబద్ధమాడితే బాగుండేది. నిజం రాశాడు. అందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. సుత్తి ఎత్తి సీల మీద కొట్టాను. మొదటి దెబ్బకి రాలేదు. అబ్బులు చెయ్యి చాపాడు, నేనివ్వలేదు. చివరికి సీల ఎగిరి నీళ్ళలో పడింది. గొలుసు జారింది. పాటు నీళ్ళు అతని పంటును మెల్లగా తిప్పి పట్టుకుపోయాయి. అతను మా కేసి తిరిగే నిలబడ్డాడు, కనబడినంతసేపూ.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. మాణిక్యం పోయాక అదే మొదటిసారి.

10

నీరు బాగుంది. గాలి పడమర.

మాట ప్రకారం దుర్గాయమ్మత్త తీర్మానం చదివాను. పెట్టెల్లో కాదు, ఆవిడ పట్టుబట్టి అందర్నీ మంటపానికి రప్పించింది. నడవలేని ముసలివాళ్ళని కుర్చీలతో మోసుకొచ్చారు. ఒక్కొక్కరూ లేచి నోటితో అవునన్నారు. మొదట్లో సిగ్గుపడ్డారు. చివరికి కొందరు కేకేసి మరీ చెప్పారు. కొత్త నియమం వచ్చేసింది.

అప్పుడు దుర్గాయమ్మత్త మళ్ళీ లేచింది. "రికార్డులో ఏడో పంటు ఒప్పుకుందని ఇంకా ఉంది. అది కొట్టెయ్యాలి. ఈ నియమం ఆ రోజుకీ వర్తించాలి. ఆళ్ళు ఒప్పుకోలేదు."

అందరూ అవునవునన్నారు. కలం తీశాను.

వెనక నుంచి అబ్బులు లేచాడు. ఎప్పుడూ సభలో నోరెత్తనివాడు.

"లైను తెగిందని నేనే చెప్పానండి ఆయనకి. ఆ రోజే ఇక్కడ చెప్పాల్సింది, చెప్పలేదు." నా వైపు తిరిగాడు. "కానీ అక్కా, వెనక్కి వర్తింపజేత్తే అన్నిటికీ వర్తించాలి కదా. పెసిడెంటుగారు కూడా ఒప్పుకోలేదు. గిన్నె వాయించారు. మనందరికీ వినపడింది."

అందరూ నా వైపు చూశారు. నియమం ఒక్క మాణిక్యానికే రాయడం కుదరదు. దాని సమ్మతి కొట్టేస్తే అతని సమ్మతీ కొట్టెయ్యాలి. అతన్ని వెనక్కి తేవాలి. లేదా అతన్ని సముద్రానికి వదిలేసి, మా చెల్లెలు చావుకి తలూపిందని రికార్డులో అలాగే ఉంచాలి.

వచ్చే సభకు ఆపే అధికారం నాకుంది. ఆపాను.

11

రాత పని ఏమీ చెయ్యలేదు. మర దగ్గర కూర్చున్నాను.

అబ్బుల్ని తిట్టాను, ఇంట్లో గోడల ముందు. కొత్త నియమాన్ని తిట్టాను. సోమసుందరం ఏ రాయికో తగిలి మునిగిపోతే బాగుణ్ణనుకున్నాను. అప్పుడు రికార్డులో దిద్దాల్సింది మాణిక్యం మాట ఒక్కటే మిగులుతుంది. అలా అనుకుంటూనే, మునిగితే అతనెప్పటికీ అందరి ముందూ తల ఊపడు కదా అని తోచింది. అతను తల ఊపింది నాకూ అబ్బులుకూ తప్ప ఎవరికీ తెలియదు. నా ఒక్కదానికి చాలదది.

పడవ తీయమని అబ్బులుకి కబురు పెట్టాను.

12

గాలి ఎదురు. తెడ్లు వేసి వేసి చేతులు బొబ్బలెక్కాయి.

అతని పంటు దూరం పోలేదు. మునిగిపోయిన పాత ఊరి నీళ్ళ ట్యాంకు నెత్తి ఒకటి పాటు వేళ పైకి తేలుతుంది. దానికి తట్టుకుని ఆగి ఉంది. డబ్బాల్లో నీళ్ళు అడుగంటాయి. మమ్మల్ని చూడగానే అతను మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు. నోరు తెరిచి ఏడుస్తున్నాడు. మెడ కన్నంలోంచి ఈల లాంటి గాలి తప్ప చప్పుడు లేదు.

"ఏడవకండి," అన్నాను. "క్షమించి రాలేదు. మా చెల్లెలు ఒప్పుకోలేదని రాయించాలి. దానికి మీరు కావాలి."

మోకు కట్టి లాక్కొచ్చాం. దారి పొడుగునా అతను నా వీపు చూస్తూ కూర్చున్నాడు. అబ్బులు ఒకసారి మంచినీళ్ళు తాగమని నాకిచ్చాడు. నేను తాగి, ముంత అబ్బులుకే ఇచ్చాను. సోమసుందరానికి అబ్బులే ఇచ్చాడు.

13

నీరు బాగుంది.

సభ నిండిపోయింది. సోమసుందరాన్ని మధ్యలో నిలబెట్టాం. నేనే అడిగాను. ఏడో పంటు లైను తెగిందని తెలుసా? తల ఊపాడు. వాళ్ళ కేకలు వినపడ్డాయా? తల ఊపాడు. వాళ్ళు ఒప్పుకోలేదని తెలిసే ఒప్పుకున్నారని రాయించారా? ఊపాడు.

రికార్డు అందరి ముందూ దిద్దాను. "ఏడో పంటు సమ్మతించలేదు." అతని పంటు గురించీ అలాగే దిద్దాను. నా చేత్తో.

అధ్యక్ష పదవి ఊడింది. తరవాత నా తీర్మానం: అతన్ని ఊరి నుంచి వెలివేసి గట్టి నేల ఉన్న మెరక ఒడ్డుకు పంపెయ్యాలి. ఈసారి ఒక్కొక్కరూ లేచి, అతని ఎదురుగా, నోటితో చెప్పాలి.

నేను మొదట లేచాను. "అవును."

చేపలు వేయించిన పిల్ల లేచింది. అతన్ని చూసింది, నన్ను చూసింది, "కాదక్కా" అని గభాలున కూర్చుంది. ఒక ముసలాయన "నా వల్ల కాదు" అన్నాడు. అబ్బులు కాదన్నాడు. కొందరు అవునన్నారు, నా లెక్కకి చాలనంతమంది. దుర్గాయమ్మత్త వంతు వచ్చింది. ఆవిడ అవునంటే ఆరో పంటంతా ఆవిడ వెనకే వస్తుంది.

"కాదు," అంది.

"అత్తా!"

"ఇంకో మనిషిని నీళ్ళ మీదికి తోసి నేను నిద్దరోలేనే. ఆ కేకలే ఇంకా వినపడతన్నాయి. నన్ను తిట్టుకో."

తిట్టుకున్నాను. తీర్మానం వీగిపోయింది. పెట్టెలు మాట్లాడే రోజుల్లో అయితే ఇదే తీర్మానం కూర ఉడికేలోగా గెలిచేది. నోరు తెరవమనేసరికి చాలినన్ని నోళ్ళు తోడు రాలేదు.

అతని పంటుకి కొత్త సీల వేశారు. మర గది గుమ్మంలోంచి రోజూ కనబడతాడు. నా "అవును" రికార్డులో ఉంది. కొట్టెయ్యమని నేనడగలేదు, అడగను.

14

గాలి తూర్పు. వడపోత గుడ్డ కొత్తది వేశాను.

ఇప్పుడు సభలన్నీ మనుషుల ఎదుటే. ప్రతి సభకూ ముందు ఏడో పంటు వాళ్ళ పేర్లు చదవాలని నేనొక తీర్మానం తెచ్చాను. ఒక్కరూ కాదనలేదు, అదీ నోటితోనే. చదివినంతసేపూ ఎవరూ మంటపం దాటి వెళ్ళకూడదు. నేను పేర్లు తొందరగా చదవను.

ఇవాళ సభ మొదలవ్వగానే సోమసుందరం వెనక వరసలోంచి లేచాడు. పలక ఎత్తాడు. నోరు లేనివారికి ఇంకొకరు నోరు కావాలని నియమం. ఎవరు చదువుతారా అని చుట్టూ చూశాడు. ఎవరూ కదల్లేదు. అబ్బులు కూడా నేల చూశాడు.

నేను లేచి వెళ్ళి పలక అందుకున్నాను.

అందరికీ వినపడేలా, ఒక్క అక్షరం మింగకుండా చదివాను. "ఏడో పంటు వారి పేర్లు చదివేటప్పుడు నన్ను బయటికి వెళ్ళనివ్వండి. వినలేకపోతున్నాను. ప్రతిసారీ ఆ కేకలు మళ్ళీ వినపడుతున్నాయి. దయచేసి ఈ ఒక్కటీ ఒప్పుకోండి."

పలక అతనికి తిరిగిచ్చాను. నా చోటికి వచ్చి నిలబడ్డాను.

"కాదు," అన్నాను.

నా పక్కనున్న పిల్ల లేచింది. "కాదు." ముసలాయన కాదన్నాడు. అబ్బులు కళ్ళు తుడుచుకుని కాదన్నాడు. ఆరో పంటు ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు కాదన్నారు. దుర్గాయమ్మత్త లేవడానికి కొంచెం సేపు పట్టింది. కర్ర ఆనించుకుని లేచి అతని కేసే చూసింది.

"ఇను," అంది. "నేనూ ఇంటన్నాను కదా. కాదు."

సోమసుందరం పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను మొదటి పేరు చదవడం మొదలుపెట్టాను.